ఫైబర్ తెగినా రూటర్ రెండో లైన్‌కి మారడం లేదు: సీటీ స్కాన్ సెంటర్‌లో ఫెయిలోవర్, లోడ్ బ్యాలెన్సింగ్ ఎలా పెట్టాలి?

జేఆర్‌గూడెం_సీటీ

నమస్కారం అండి. మాది జంగారెడ్డిగూడెంలో చిన్న డయాగ్నస్టిక్ సెంటర్. నేను రేడియాలజీ టెక్నీషియన్‌ని. సీటీ మెషిన్ నడిపేది నేనే, కంప్యూటర్లు, ప్రింటర్లు, నెట్టు ఏది మొరాయించినా చూసుకునేదీ నేనే.

మా డాక్టర్ గారు పగలు మాత్రమే ఉంటారు. రాత్రి తీసిన స్కాన్లు నెట్‌లో హైదరాబాద్‌కి వెళ్తాయి. అక్కడి రేడియాలజిస్ట్ చూసి రిపోర్ట్ పంపిస్తారు. బుట్టాయగూడెం, పోలవరం వైపు ఏజెన్సీ ఊళ్ల నుంచి పక్షవాతం లక్షణాలతో వచ్చేవాళ్లను రాత్రి ఏ టైమ్‌కైనా తీసుకొస్తారు. రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు పడాలి. అది ఇచ్చే ముందు మెదడులో రక్తస్రావం లేదని సీటీలో తేలాలి. ఆ ఊళ్ల నుంచి ఇక్కడికి చేరేసరికే చాలా టైమ్ పోయి ఉంటుంది. అలాంటప్పుడు స్కాన్ అయిపోయి, ఫొటోలు కదలకుండా కూర్చుంటే ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను. అందుకే ఫెయిలోవర్, అంటే ఒక లైన్ పోతే దానంతట అదే రెండోదానికి మారడం, సరిగ్గా నేర్చుకుని, నా చేతులతోనే పెట్టుకోవాలని ఉంది.

ఇప్పుడున్నది ఇదీ. లోకల్ ఆపరేటర్ ఫైబర్ 100 ఎంబీపీఎస్, ఇంకో కంపెనీ ఫైబర్ 50 ఎంబీపీఎస్. ఇద్దరూ వాళ్ల వాళ్ల బాక్సులు గోడకి బిగించి వెళ్లారు. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఆ బాక్సుల్లోనే ఉన్నాయి. రెండు బాక్సుల లాగిన్ పేజీ అడ్రస్ కూడా ఒకటే, 192.168.1.1. వాటి వెనక మైక్రోటిక్ హెక్స్ రూటర్, ఐదు పోర్టులది, రూటర్‌ఓఎస్ 7 మీద ఉంది. సీటీ కన్సోల్, స్కాన్లు పంపే కంప్యూటర్, రిసెప్షన్‌లో రెండు కంప్యూటర్లు, సీసీ కెమెరాల డీవీఆర్, స్టాఫ్ వైఫై అన్నీ దాని మీదే నడుస్తాయి.

సమస్యలు మూడు.

ఫైబర్ తెగినప్పుడు బాక్సు మీద ఎర్ర లైటు వెలుగుతుంది. అయినా మైక్రోటిక్‌లో మొదటి లైన్ బాగున్నట్టే చూపిస్తుంది. గేట్‌వేని పింగ్ చేసి, అంటే "ఉన్నావా" అని పలకరించి చూసే ఆప్షన్ పెట్టే ఉంది. ఒకటో పోర్టులో కేబుల్ చేత్తో పీకితే మాత్రం క్షణాల్లో రెండో లైన్‌కి మారుతుంది. రాత్రి రెండింటికి పేషెంట్‌ని టేబుల్ మీద ఉంచి నేను కేబుల్ పీకడానికి పరుగెత్తాల్సి వస్తోంది.

రెండోది, రూటర్ పెట్టినతను లోడ్ బ్యాలెన్సింగ్, అంటే పనిని రెండు లైన్లకీ పంచడం, కూడా పెట్టి వెళ్లాడు. అతను పెట్టిన పద్ధతిని పీసీసీ అంటారట. అప్పటి నుంచి ఇన్సూరెన్స్ పోర్టల్‌లో ఓటీపీ కొట్టగానే మళ్లీ లాగిన్ పేజీకి తోసేస్తోంది.

మూడోది, రెండు లైన్లు కలిస్తే 150 వస్తుందని, స్కాన్లు ఇంకా త్వరగా వెళ్తాయని మా ఓనర్ గారి ఆశ. నాకైతే తేడా ఏమీ కనిపించలేదు.

కొత్త రూటర్ కొనాలా, దీంతోనే అవుతుందా? దయచేసి చెప్పండి.

బెజవాడ_నెట్‌వర్క్

మేడమ్, కొత్తది కొనక్కర్లేదు. మీ పనికి హెక్స్ చాలు. నేను విజయవాడలో ఆసుపత్రులకీ కాలేజీలకీ ఇదే పని చేస్తుంటాను. మీరు రాసిన మొదటి సమస్య దాదాపు ప్రతిచోటా చూస్తాను కాబట్టి దాన్ని కాస్త వివరంగా చెప్తాను.

మీ రూటర్‌కి గేట్‌వే అంటే గోడ మీదున్న ఆ బాక్సే. పింగ్ చేసేది 192.168.1.1కి. ఆ బాక్సు మీ గదిలోనే ఉంది, కరెంటు ఉంది, మధ్యలో మీటరు పొడవు కేబుల్ ఉంది. బయట రోడ్డు మీద ఫైబర్ తెగినా బాక్సు పింగ్‌కి జవాబు ఇస్తూనే ఉంటుంది. రూటర్ అడుగుతున్న ప్రశ్న "బాక్సు బతికే ఉందా" అని. మనం అడగాల్సింది "బాక్సు అవతల ఇంటర్నెట్ ఉందా" అని. కేబుల్ పీకితే పోర్టే డౌన్ అవుతుంది కాబట్టి అప్పుడు మాత్రం మారుతుంది.

దాని మీద మీ రెండు బాక్సులదీ ఒకే అడ్రస్. ఒకటో పోర్టు అవతలా 192.168.1.1, రెండో పోర్టు అవతలా 192.168.1.1. పింగ్‌కి ఏ బాక్సు జవాబిచ్చిందో రూటర్‌కే తెలియదు. కాబట్టి మొదట రెండో బాక్సులోకి లాగిన్ అయి దాని లాన్ (లోపలి వైపు) అడ్రస్‌ని 192.168.2.1గా మార్చండి. మార్చనివ్వకపోతే ఆ కంపెనీవాళ్లకి ఫోన్ చేసి మార్పించండి. ఇది కాకుండా మిగతావి ఏవి పెట్టినా నిలబడవు.

తర్వాత మైక్రోటిక్‌లో ఇవి చూడండి. హెక్స్ డబ్బాలోంచి తీసినప్పుడు ఒకటో పోర్టు మాత్రమే ఇంటర్నెట్‌కి, రెండు నుంచి ఐదు వరకు ఒకే బ్రిడ్జ్‌లో, అంటే లోపలి కంప్యూటర్ల గుంపులో ఉంటాయి. రెండో పోర్టు ఇంకా బ్రిడ్జ్‌లో ఉంటే తీసేయండి. ఇంటర్‌ఫేస్ లిస్టులో దాన్ని వాన్ (ఇంటర్నెట్ వైపు) గుంపులో చేర్చండి. అప్పుడు నాట్ (లోపలి అడ్రస్‌లని బయటి అడ్రస్‌గా మార్చేది), ఫైర్‌వాల్ రెండూ దానికీ వర్తిస్తాయి. ఈ చేర్పు మర్చిపోతే రెండో లైన్‌కి మారినట్టే కనిపిస్తుంది, ఒక్క పేజీ కూడా తెరుచుకోదు. రెండు పోర్టుల డీహెచ్‌సీపీ క్లయింట్లలోనూ (బాక్సు నుంచి అడ్రస్ తీసుకునే సెట్టింగ్) "యాడ్ డిఫాల్ట్ రూట్" అన్నది "నో" చేయండి. డిఫాల్ట్ రూట్ అంటే వేరే దారి రాయనివన్నీ వెళ్లే దారి. రూట్లు మనమే రాసుకుంటాం.

ఇక అసలు సంగతి. దీన్ని రికర్సివ్ రూటింగ్ అంటారు. ఇంటర్నెట్‌లో ఎప్పుడూ పలికే అడ్రస్‌లు కొన్ని తీసుకుని, ఫలానా అడ్రస్‌కి ఫలానా లైన్ నుంచే వెళ్లాలి అని కట్టేస్తాం. ఆ తర్వాత డిఫాల్ట్ రూట్‌కి గేట్‌వేగా బాక్సుని కాకుండా ఆ దూరపు అడ్రస్‌ని ఇస్తాం. అప్పుడు రూటర్ పింగ్ చేసేది ఆ దూరపు అడ్రస్‌కి. దారిలో ఎక్కడ తెగినా దానికి తెలిసిపోతుంది.

ఐపీ, రూట్స్‌లోకి వెళ్లి మొదట మూడు రూట్లు వేయండి. 208.67.222.222కి గేట్‌వే 192.168.1.1. 9.9.9.9కి కూడా గేట్‌వే 192.168.1.1. 208.67.220.220కి గేట్‌వే 192.168.2.1. మూడింటికీ స్కోప్ 10 ఇవ్వండి.

తర్వాత మూడు డిఫాల్ట్ రూట్లు, అంటే డెస్టినేషన్ 0.0.0.0/0. మొదటిదానికి గేట్‌వే 208.67.222.222, డిస్టెన్స్ 1. రెండోదానికి గేట్‌వే 9.9.9.9, డిస్టెన్స్ 2. మూడోదానికి గేట్‌వే 208.67.220.220, డిస్టెన్స్ 3. డిస్టెన్స్ తక్కువున్న రూట్‌నే రూటర్ ముందు వాడుతుంది. మూడింటికీ టార్గెట్ స్కోప్ 11, చెక్ గేట్‌వే పింగ్. పాత డిఫాల్ట్ రూట్లు ఉంటే తీసేయండి.

మొదటి లైన్‌కి రెండు అడ్రస్‌లు ఎందుకు పెట్టానంటే, అవతలి సర్వర్ ఒకటి కాసేపు పింగ్‌కి పలకకపోయినంత మాత్రాన మీ ఫైబర్ పోయినట్టు కాదు. 208.67.222.222 పలకకపోతే రూటర్ రెండో రూట్ తీసుకుంటుంది, అదీ మొదటి లైనే. రెండూ పలకనప్పుడే నిజంగా రెండో లైన్‌కి పోతుంది. చెక్ గేట్‌వే పది సెకన్లకోసారి చూస్తుంది, వరసగా రెండుసార్లు జవాబు రాకపోతే లైన్ పోయిందనుకుంటుంది. అంటే ఇరవై సెకన్లు, కాస్త అటూ ఇటూగా. మీ పనికి అది చాలు.

డీఎన్ఎస్, అంటే సైట్ పేరుకి అడ్రస్ చెప్పే సర్వర్, దాని దగ్గర జాగ్రత్త. మొదటి లైన్‌కి కట్టేసిన అడ్రస్ ఆ లైన్ పోతే ఇక ఎటునుంచీ అందదు. అందుకని 9.9.9.9ని గానీ ఆ 208లని గానీ డీఎన్ఎస్‌గా వాడకండి. రూటర్‌లో 1.1.1.1, 8.8.8.8 పెట్టుకోండి. రెండు పోర్టుల డీహెచ్‌సీపీ క్లయింట్లలో "యూజ్ పీర్ డీఎన్ఎస్" తీసేయండి. ఒక కంపెనీ డీఎన్ఎస్ సర్వర్ ఇంకో కంపెనీ లైన్ నుంచి అడిగితే చాలాసార్లు జవాబివ్వదు. పింగ్‌కి జవాబు వస్తుంది, సైట్లు మాత్రం తెరుచుకోవు. అప్పుడు ఫెయిలోవర్ పనిచేయలేదని అందరూ రూటర్‌నే అనుమానిస్తారు.

పీసీసీ సంగతి. ముందు దాన్ని ఆపేయండి. ఫైర్‌వాల్‌లో మాంగిల్ అని ఉంటుంది, ప్యాకెట్లకి గుర్తులు వేసే చోటు. అందులో ఆ రూల్స్ అన్నీ డిసేబుల్ చేస్తే చాలు. మీ రెండో సమస్య అక్కడిదే. అతను బహుశా అడ్రస్‌లతో పాటు పోర్టులు కూడా లెక్కలోకి తీసుకునే పద్ధతి ఎంచుకుని ఉంటాడు. అందులో ఒకే కంప్యూటర్ ఒకే సైట్‌కి తెరిచే కనెక్షన్లలో కొన్ని ఒక లైన్ నుంచి, కొన్ని ఇంకో లైన్ నుంచి వెళ్తాయి. లాగిన్ అయినప్పుడు ఒక పబ్లిక్ ఐపీ, ఓటీపీ కొట్టినప్పుడు ఇంకో పబ్లిక్ ఐపీ కనిపిస్తే బ్యాంకులు, ఇన్సూరెన్స్ సైట్లు బయటికి పంపేస్తాయి. వాళ్ల భద్రత కోసం వాళ్లు అలా పెట్టుకుంటారు, తప్పు పట్టలేం. ఎప్పుడైనా మళ్లీ బ్యాలెన్సింగ్ కావాలనుకుంటే సోర్స్ అడ్రస్ మాత్రమే చూసే పద్ధతి పెట్టుకోండి. అప్పుడు ఒక కంప్యూటర్ ఎప్పుడూ ఒకే లైన్‌లో ఉంటుంది. అలాగే ఫాస్ట్‌ట్రాక్ అనే రూల్, ప్యాకెట్లని అడ్డదారిన త్వరగా పంపేది, ఫైర్‌వాల్‌లో ఉంటే, దాని దారిన వెళ్లే ప్యాకెట్లు మాంగిల్‌ని తాకవు. పీసీసీ నడవాలంటే దాన్ని ఆపాలి. ఒట్టి ఫెయిలోవర్‌కి అయితే అది ఉన్నా పర్వాలేదు.

మీ ఓనర్ గారి 150 గురించి. లోడ్ బ్యాలెన్సింగ్ కనెక్షన్లను పంచుతుంది, ఒక కనెక్షన్‌ని రెండు ముక్కలు చేయదు. సీటీ ఫొటో ఒకటి 512 బై 512 పిక్సెళ్లు, పిక్సెల్‌కి రెండు బైట్లు, అంటే అర ఎంబీ. మూడు వందల స్లైసులుంటే 150 ఎంబీ. పంపే సాఫ్ట్‌వేర్ వీటన్నిటినీ ఒకే కనెక్షన్‌లో వరసగా తోస్తుంటే అది ఒకే లైన్ మీద వెళ్తుంది. అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్ ఉంటే నిమిషం, 5 ఉంటే నాలుగు నిమిషాలు. ఎన్ని లైన్లు పక్కన పెట్టినా ఆ లెక్క మారదు. రెండూ నిజంగా కలిసి ఒకటవ్వాలంటే అవతల ఇంకో సర్వర్ పెట్టి బాండింగ్ చేయాలి. మీకు అది అవసరం లేదు, ఇంకో చెడిపోయే వస్తువు నెత్తిన పెట్టుకున్నట్టవుతుంది. ప్లాన్ తీసుకునేటప్పుడు అప్‌లోడ్ ఎంతో అడగండి. డౌన్‌లోడ్ మీకు పెద్దగా పనికొచ్చేది కాదు.

నల్గొండ_రవాణా

మాది ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు, రెండు లైన్లున్నాయి. నేను టీపీ-లింక్ ఈఆర్605 వాడుతున్నాను. ఇన్ని రూట్లు రాయనక్కర్లేదు. ఆన్‌లైన్ డిటెక్షన్ అనే పేజీలో ఏ అడ్రస్ పింగ్ చేయాలో మనమే ఇవ్వొచ్చు, లింక్ బ్యాకప్‌లో ఏది మెయిన్, ఏది బ్యాకప్ అని టిక్ పెడితే సరిపోతుంది. బ్యాలెన్సింగ్ కావాలంటే "అప్లికేషన్ ఆప్టిమైజ్డ్ రౌటింగ్" అనేది ఆన్‌లో ఉంచాలి. అప్పుడు ఒక కంప్యూటర్ నుంచి ఒక సైట్‌కి వెళ్లే కనెక్షన్లన్నీ ఒకే లైన్ నుంచి పోతాయి. వెర్షన్ 2కి యూఎస్‌బీ పోర్టు కూడా ఉంది, 4జీ డాంగిల్ పెట్టుకోవచ్చు. మైక్రోటిక్ రానివాళ్లకి ఇది సులువు అని నా అభిప్రాయం.

బెజవాడ_నెట్‌వర్క్

నల్గొండ అన్న చెప్పింది నిజమే, కొత్తగా కొనేవాళ్లకి నేనూ అదే చెప్తుంటాను. పాత రూటర్‌లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే సాఫ్ట్‌వేర్ వేసుకున్నవాళ్లకి ఇదే పనికి ఎంవాన్3 అనే ప్యాకేజీ ఉంది, అందులో ఎన్నిసార్లు పింగ్ పోతే డౌన్, ఎన్నిసార్లు వస్తే అప్ అన్నది కూడా విడివిడిగా పెట్టుకోవచ్చు. ఈ మేడమ్ దగ్గర హెక్స్ ఇప్పటికే ఉంది కాబట్టి ఇక్కడ ఖర్చు వద్దంటున్నాను. ఏది కొన్నా ఆ పింగ్ అడ్రస్ బాక్సుది కాకుండా బయటది పెట్టారా లేదా అన్నదే ముఖ్యం. ఆటోమేటిక్‌లో వదిలేస్తే అది గేట్‌వేనే చూస్తూ ఉండొచ్చు.

ఖమ్మం_ఫైబర్_జాయింటర్

రూటర్ గురించి నాకు అంత తెలియదు. నేను స్తంభాలెక్కి కేబుల్ లాగే పని, జాయింట్లు కొట్టే పని చేస్తాను. మేడమ్ గారూ, సెట్టింగ్స్ మొదలుపెట్టే ముందు ఒక పని చేయండి. మీ సెంటర్ బయటికొచ్చి తల పైకెత్తి ఆ రెండు కేబుళ్లు ఎటు పోతున్నాయో చూడండి. వీలైతే రోడ్డు వెంట కొంత దూరం నడవండి.

చిన్న ఊళ్లలో కంపెనీలు ఎన్ని ఉన్నా స్తంభాలు అవే. రెండు కేబుళ్లు ఒకే కరెంటు స్తంభం మీద, ఒక్కోసారి ఒకే కట్టలో వెళ్తుంటాయి. ఎత్తుగా గడ్డి వేసుకున్న ట్రాక్టర్ తగిలినా, చెట్టు కొమ్మ పడినా, రోడ్డు వెడల్పు పనిలో స్తంభం పీకినా రెండూ ఒకేసారి పోతాయి. అప్పుడు మీ రూటర్ ఎంత తెలివైనదైనా ఏం చేస్తుంది? రెండు బిల్లులు కడుతున్నాం కదా అని ధీమాగా ఉంటారు, కింద దారి ఒకటే ఉంటుంది. నేను జాయింట్ కొట్టడానికి వెళ్లినచోట పక్కనే ఇంకో కంపెనీ కుర్రాడు కూడా అదే స్తంభం దగ్గర నిలబడి ఉండటం మామూలే.

రెండోది కరెంటు. జీపాన్ ఫైబర్ అయితే మీ బాక్సుకీ, ఆపరేటర్ ఆఫీసులో ఉండే ఓఎల్‌టీకీ (ఫైబర్ అవతలి కొసన ఉండే మెషిన్) మధ్య కరెంటు అవసరం లేదు, మధ్యలో ఉండేవి వెలుతురుని పంచే ఒట్టి స్ప్లిట్టర్లు. కొన్నిచోట్ల లోకల్ వాళ్లు స్తంభం మీద డబ్బాలో స్విచ్చో మీడియా కన్వర్టరో పెట్టి, అక్కడి నుంచి మామూలు కేబుల్ లాగుతారు. వీధిలో కరెంటు పోతే అది కూడా ఆగిపోతుంది, మీకు జనరేటర్ ఉన్నా నెట్ రాదు. మీ ఆపరేటర్‌ని ఈ సంగతి సూటిగా అడగండి. మీ బాక్సులకీ, రూటర్‌కీ మాత్రం చిన్న 12 వోల్టుల యూపీఎస్ పెట్టుకోండి. వాటి అడాప్టర్ మీద ఎంత వోల్టేజ్ ఉందో, ఎన్ని ఆంపియర్లో చూసి తీసుకోండి. జనరేటర్ అందుకునేలోపు బాక్సు ఆగి మళ్లీ మొదలైతే లైన్ దొరకడానికి కొన్ని నిమిషాలు తింటుంది.

నా మాట వింటే రెండో ఫైబర్ తీసేసి 4జీ సిమ్ రూటర్ పెట్టండి. స్పీడ్ తక్కువైనా దారి వేరు.

జేఆర్‌గూడెం_సీటీ

అందరికీ చాలా థాంక్స్ అండి.

ఖమ్మం అన్నా, మీరు చెప్పినట్టే బయటికెళ్లి చూశాను. మా గేటు దగ్గర రెండు కేబుళ్లు వేరు వేరు వైపుల నుంచి వచ్చినట్టే కనిపించాయి. మలుపు తిరిగాక రెండూ ఒకే స్తంభాల వరస మీదికి ఎక్కాయి. ట్రాన్స్‌ఫార్మర్ పక్క స్తంభం దగ్గర రెండిటినీ కలిపి ఒకే ప్లాస్టిక్ ట్యాగ్‌తో బిగించి ఉన్నారు. ఓనర్ గారిని తీసుకెళ్లి చూపించాను. ఆయన అక్కడే నిలబడి రెండో ఫైబర్ ఆపేద్దామన్నారు.

మేడ మీద సిగ్నల్ బాగుంది. 4జీ సిమ్ రూటర్ పై అంతస్తు కిటికీ దగ్గర పెట్టి, అక్కడి నుంచి కేబుల్ కిందికి దించి హెక్స్ రెండో పోర్టుకి ఇచ్చాం. దాని అడ్రస్ 192.168.2.1గా మార్చాను. బెజవాడ సార్ చెప్పిన ఆరు రూట్లు వేశాను. పీసీసీ రూల్స్ ఆపగానే ఇన్సూరెన్స్ పోర్టల్ సమస్య పోయింది, రిసెప్షన్‌లో అమ్మాయి ప్రాణం లేచొచ్చిందంది.

ఫెయిలోవర్ కూడా పనిచేస్తోంది. ఫైబర్ పోతే అర నిమిషంలోపు 4జీకి మారుతోంది, బ్రౌజర్‌లో సైట్లు తెరుచుకుంటున్నాయి. రెండు సందేహాలు మిగిలాయి.

ఒకటి, అప్పటికే స్కాన్ పంపుతూ ఉంటే అది అక్కడే ఆగిపోతోంది. కొత్తగా మొదలుపెడితే వెళ్తుంది, పాతది మాత్రం చాలాసేపు బిగుసుకుపోయి తర్వాత ఎర్రర్ చూపిస్తుంది. రిసెప్షన్‌లో నెట్ ఫోన్ కూడా అంతే, రీస్టార్ట్ చేసేదాకా రింగ్ అవ్వదు. ఫైబర్ తిరిగొచ్చినప్పుడూ ఇదే తంతు. మా లైన్ వచ్చీ పోయీ వచ్చీ పోయీ చేస్తుంటుంది, అప్పుడు ఇంకా ఘోరం.

రెండు, 4జీకి రోజువారీ డేటా పరిమితి ఉంది. డీవీఆర్ వీడియోలు క్లౌడ్‌కి వెళ్తుంటాయి. రాత్రంతా 4జీ మీద ఉంటే పొద్దున అసలు స్కాన్‌కి డేటా మిగలదేమోనని భయంగా ఉంది.

బెజవాడ_నెట్‌వర్క్

మేడమ్, బాగా చేశారు. ఆ ప్లాస్టిక్ ట్యాగ్ సంగతి చదివి నేను కూడా నా దగ్గరున్న రెండు ఆసుపత్రుల లైన్లు ఎటు వెళ్తున్నాయో చూసి రమ్మని మా కుర్రాళ్లని పంపాను.

మొదటి సందేహం. రూటర్ ప్రతి కనెక్షన్‌నీ గుర్తుపెట్టుకుంటుంది, దాన్ని కనెక్షన్ ట్రాకింగ్ అంటారు. ఫైబర్ మీద మొదలైన కనెక్షన్‌కి ఫైబర్ వైపు అడ్రస్ రాసిపెట్టి ఉంటుంది. లైన్ మారాక ఆ ప్యాకెట్లు 4జీ వైపు వెళ్తాయి గానీ వాటి మీద పాత అడ్రసే ఉంటుంది, జవాబు తిరిగి రాదు. కేబుల్ పీకినప్పుడు పోర్టు డౌన్ అవుతుంది కాబట్టి మాస్కరేడ్ (నాట్ చేసే రూల్) ఆ పాత ఎంట్రీలను తనే తుడిచేస్తుంది. ఫైబర్ బయట తెగినప్పుడు పోర్టు అప్‌లోనే ఉంటుంది, ఎవరూ తుడవరు. నెట్ ఫోన్ మాటిమాటికీ సర్వర్‌కి పలకరింపు పంపుతుంటుంది కాబట్టి ఆ చెడ్డ ఎంట్రీ ఎప్పటికీ పాతబడదు, అందుకే రీస్టార్ట్ దాకా రింగ్ రాదు.

లైన్ మారినప్పుడు ఆ కనెక్షన్ల పట్టికని మనమే తుడవాలి. టూల్స్‌లో నెట్‌వాచ్ ఉంది, ఒక అడ్రస్‌ని చూస్తూ ఉండి అది పలకకపోతే మనం రాసిన స్క్రిప్టు నడుపుతుంది. 208.67.222.222ని చూస్తూ ఉండమని చెప్పండి, రకం ఐసీఎంపీ, అంటే పింగ్, ఎంచుకోండి. అందులో ఎంత శాతం ప్యాకెట్లు పోతే డౌన్ అనుకోవాలో మనమే పెట్టొచ్చు, ఒక్క పింగ్ పోయినందుకు గాబరా పడదు. డౌన్ స్క్రిప్టులో ముందు 9.9.9.9ని కూడా పింగ్ చేసి, అదీ పలకకపోతేనే కనెక్షన్లన్నీ తీసేసే ఆదేశం రాయండి. ఒక్క క్షణం అందరికీ తెగినట్టవుతుంది, వెంటనే కొత్త లైన్ మీద మళ్లీ కడతాయి. స్కాన్ పంపే సాఫ్ట్‌వేర్‌లో రీట్రై సెట్టింగ్ ఉంటే ఆన్ చేసి, గడువు నిమిషం లోపు పెట్టమని ఆ కంపెనీవాళ్లని అడగండి. వెళ్లిన ఫొటోలు వదిలేసి మిగిలినవే పంపేలా ఉంటే ఇంకా మంచిది.

లైన్ వచ్చీ పోయీ చేసే దానికి నేను ఆసుపత్రుల్లో చేసేది చెప్తాను. ఫైబర్ తిరిగొచ్చిన వెంటనే దాని మీదికి ఎక్కనివ్వను. డౌన్ స్క్రిప్టులోనే ఫైబర్ డిఫాల్ట్ రూట్లు రెండింటి డిస్టెన్స్ 1, 2 నుంచి 11, 12కి పెంచుతాను. ఆ రూట్లని డిసేబుల్ చేయకండి, దయచేసి. డిసేబుల్ చేస్తే, ఆ తర్వాత 4జీ పోయినప్పుడు ఫైబర్ బాగున్నా వాడుకోలేరు. డిస్టెన్స్ పెంచితే 4జీ ఉన్నంతసేపు దాని మీదే ఉంటుంది, అది పోతే ఫైబర్‌కి తనే వస్తుంది. ఈ రెండో మార్పు దగ్గర కూడా పట్టిక తుడవాలి కాబట్టి 208.67.220.220 మీద ఇంకో నెట్‌వాచ్ పెట్టి, దాని డౌన్ స్క్రిప్టులో తుడిచే ఆదేశం ఒక్కటే రాయండి. పొద్దున డ్యూటీకి వచ్చినవాళ్లు ఫైబర్ నిలకడగా ఉందని చూసుకుని, ఏ స్కానూ వెళ్లడం లేదనుకున్నప్పుడు డిస్టెన్స్ మళ్లీ 1, 2 చేసి పట్టిక తుడిస్తే సరి. స్క్రిప్టు ఒకటి రాసి పేరు పెట్టుకుంటే, దాన్ని రన్ చేయడమే పని.

డేటా భయానికి ఫైర్‌వాల్ ఫార్వర్డ్‌లో ఒక్క రూల్ చాలు. డీవీఆర్‌కి ఐపీ అడ్రస్ స్థిరంగా ఇచ్చి, ఆ అడ్రస్ నుంచి వచ్చి రెండో పోర్టు గుండా బయటికి పోయేదాన్ని డ్రాప్ చేయండి. రికార్డింగ్ డీవీఆర్ హార్డ్‌డిస్క్‌లో ఎలాగూ అవుతుంది. స్టాఫ్ వైఫైకి కూడా అలాంటిదే పెట్టండి, ఫోన్ల బ్యాకప్పులు, అప్‌డేట్లు రాత్రిపూటే మొదలవుతాయి. ఈ రూల్స్ ఎస్టాబ్లిష్డ్ కనెక్షన్లని ఒప్పుకునే రూల్ కంటే పైన ఉండాలి, ఫాస్ట్‌ట్రాక్ రూల్‌కి కూడా పైనే. 4జీ మీద స్కాన్, రిపోర్ట్, రిసెప్షన్ కంప్యూటర్లు, ఇంతే వెళ్లాలి.

మీ హైదరాబాద్ డాక్టర్ గారు బయటి నుంచి మీ సర్వర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి ఏదైనా ఉందా? ఉంటే 4జీ మీద అది నడవదు. మొబైల్ కంపెనీలు ఒకే పబ్లిక్ ఐపీని చాలామందికి కలిపి ఇస్తాయి, పోర్ట్ ఫార్వర్డ్ అక్కడ పనిచేయదు. స్కాన్లు మీ వైపు నుంచి వెళ్తున్నాయి కాబట్టి పర్వాలేదు, అలాగే ఉంచండి.

పరీక్ష చేసేటప్పుడు రూటర్ కేబుల్ పీకి చూడకండి, దాంతో మీకు తెలియాల్సింది తెలియదు. బాక్సులోకి వచ్చే ఫైబర్ కనెక్టర్ లాగాలి.

ఖమ్మం_ఫైబర్_జాయింటర్

ఆ కనెక్టర్ చాలావరకు ఆకుపచ్చది ఉంటుంది. తీగ పట్టుకుని గుంజకండి, కనెక్టర్ ప్లాస్టిక్ వెనక భాగం పట్టుకుని తిన్నగా వెనక్కి లాగండి. కొసని వేలితో ముట్టుకోవద్దు, నోటితో ఊదొద్దు. చిన్న జిడ్డు మరక పడినా సిగ్నల్ తగ్గుతుంది, అప్పుడు అసలు లైన్ బాగున్నా మీకు వచ్చీ పోయీ చేస్తుంది. లోపలికి కన్ను పెట్టి చూడకండి, ఆ వెలుతురు కంటికి కనిపించదు గానీ ప్రమాదం. తీసిన కొసకి టోపీ ఉంటే పెట్టండి. తిరిగి పెట్టేటప్పుడు గాడి సరిచూసుకుని టిక్ అనేదాకా నొక్కండి.

మీ లైన్ మాటిమాటికీ వచ్చీ పోతోందన్నారు కదా. బాక్సు లాగిన్ పేజీలో ఆప్టికల్ పవర్ అని ఉంటుంది, అందులో ఆర్ఎక్స్ పవర్, అంటే బాక్సుకి అందే వెలుతురు బలం, చూడండి. మైనస్ 27 కంటే దిగువకి, అంటే మైనస్ 28, 29 అలా చూపిస్తుంటే లైన్‌లో ఎక్కడో జాయింట్ బాగాలేదు, లేదా తీగ ఎక్కడో మరీ వంగింది. ఆ నంబర్ ఫొటో తీసి ఆపరేటర్‌కి పంపండి. "నెట్ సరిగ్గా రావట్లేదు" అంటే రేపు మాపు అంటారు, నంబర్ చూపిస్తే మనిషిని పంపిస్తారు.

జేఆర్‌గూడెం_సీటీ

ఆర్ఎక్స్ పవర్ మైనస్ 28.6 ఉంది అన్నా. ఫొటో పంపాను, సాయంత్రానికే మనిషి వచ్చాడు. గోడలోంచి కేబుల్ వచ్చేచోట కిటికీ తలుపు కింద నలిగి ఉంది. ఆ ముక్క మార్చాక మైనస్ 21కి వచ్చింది.

బెజవాడ సార్, నెట్‌వాచ్‌లు రెండూ, డీవీఆర్ రూలు పెట్టాను. పేషెంట్లు లేని సమయం చూసి, పాత స్కాన్ ఒకటి మళ్లీ పంపుతూ ఆకుపచ్చ కనెక్టర్ లాగాను. ఆగింది, కాసేపటికి 4జీ మీద మిగిలిన ఫొటోల నుంచి కొనసాగింది. హైదరాబాద్ డాక్టర్ గారికి ఫోన్ చేసి అన్ని స్లైసులూ చేరాయని లెక్క సరిచూసుకున్నాను. నెట్ ఫోన్ దానంతట అదే రింగ్ అయింది. ఆయన మా సర్వర్‌లోకి లాగిన్ అవ్వరు, మేం పంపినవే చూస్తారు.

ఇంకేమైనా మిగిలిందా సార్?

బెజవాడ_నెట్‌వర్క్

ఒకటుంది మేడమ్. ఇప్పుడు ఫైబర్ పోయినా మీ సెంటర్‌లో ఎవరికీ తెలియదు, పని జరిగిపోతూనే ఉంటుంది. అలా కొన్ని రోజులు 4జీ మీదే నడిచి, అది కూడా పోయిన రాత్రి రెండు లైన్లూ లేవని బయటపడుతుంది. నెట్‌వాచ్ డౌన్ స్క్రిప్టులోనే ఫెచ్ ఆదేశంతో టెలిగ్రామ్‌కి మెసేజ్ వెళ్లేలా రాయండి. కనెక్షన్లు తుడిచాక కొన్ని సెకన్లు ఆగి పంపమనండి, లేకపోతే మెసేజ్ కూడా చచ్చిన లైన్ మీదే పోతుంది. ఫైబర్ తిరిగొచ్చినప్పుడు కూడా ఒకటి రానివ్వండి. మీకూ ఓనర్ గారికీ ఇద్దరికీ వెళ్లాలి, మీరు సెలవులో ఉండొచ్చు.

4జీ లైన్‌కీ అలాంటి మెసేజే పెట్టండి. సిమ్ రీఛార్జ్ అయిపోతే రూటర్‌లో సిగ్నల్ కడ్డీలు నిండుగానే కనిపిస్తాయి, డేటా మాత్రం వెళ్లదు. 208.67.220.220కి పింగ్ పోయిందని మెసేజ్ వస్తే ముందు రీఛార్జ్ చూడండి. రూట్లు, స్క్రిప్టులు అన్నీ కుదిరాక ఫైల్స్‌లోంచి బ్యాకప్ ఒకటి తీసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. స్క్రిప్టు రాయడంలో ఎక్కడ ఆగినా ఇక్కడే అడగండి, చూస్తుంటాను.